4 మేస్త్రీలతో 14 రోజుల పని 18 రోజులకు ఎందుకు పోయింది? వనరుల కేటాయింపు, లెవెలింగ్ గురించి వివరించగలరు

ప్రశ్న: సైట్ ఇంజినీరు, హనుమకొండ

పెద్దలందరికీ నమస్కారం. హనుమకొండ శివార్లలో కడుతున్న 4 గదుల చిన్న బడి భవనం పనిలో నేను ఏడాదిగా సైట్ ఇంజినీరుగా ఉన్నాను. స్లాబు వేయడం, సెంట్రింగ్ విప్పడం పూర్తయ్యాయి. మిగిలిన తాపీ పనులకు షెడ్యూలు తయారు చేసే బాధ్యతను మొదటిసారి నాకు అప్పగించారు. కాలేజీలో ఈ పాఠం చదివాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను, కానీ సైట్ మీదికి వచ్చాక అది నాకు నిజంగా అర్థం కాలేదని తెలిసింది.

పనులు ఇవి. లోపలి అడ్డగోడలకు రోజుకు 3 మేస్త్రీల చొప్పున 4 రోజులు పడుతుంది. అవి లేచాక లోపలి ప్లాస్టరింగుకు రోజుకు 3 మేస్త్రీలతో 6 రోజులు, ప్లాస్టరింగ్ అయ్యాక గదుల్లో తాండూరు బండలు పరచడానికి రోజుకు 2 మేస్త్రీలతో 4 రోజులు కావాలి. భవనం వెనుక మరుగుదొడ్ల గోడలకు 2 మేస్త్రీలతో 3 రోజులు పడుతుంది. ఆ గోడలు అయ్యాక టైల్స్ వేసేవాళ్లు వేరుగా వచ్చి 4 రోజులు పని చేస్తారు, వాళ్లకు మా మేస్త్రీలతో సంబంధం లేదు. ఇవి కాక ప్రహరీ గోడ ఉంది. దానికి 2 మేస్త్రీలతో 5 రోజులు కావాలి, ఎప్పుడు కట్టినా ఏ పనికీ అడ్డు రాదు.

అడ్డగోడలు, ప్లాస్టరింగ్, బండలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి కాబట్టి మొత్తం 14 రోజులని లెక్క వేసి మా పై అధికారికి చెప్పాను, ఆయన అదే మాటను బడి వాళ్లకు చెప్పారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేరులో మా దగ్గర ఉన్నది 4 మేస్త్రీలేనని నమోదు చేసి లెవెలింగ్ నొక్కితే పని 18వ రోజుకు జరిగింది. "ఈ 4 రోజులు ఎక్కడి నుంచి పుట్టించావు?" అని ఆయన అందరి ముందూ అడిగారు, నేను జవాబు చెప్పలేకపోయాను. కేటాయింపుకూ లెవెలింగుకూ తేడా ఏమిటో, స్మూతింగ్ అనే మరో మాట ఎక్కడ వస్తుందో, ఈ 4 రోజులు ఎలా వచ్చాయో, సూత్రాలు లేకుండా మామూలు మాటల్లో ఎవరైనా చెప్పగలరా?


జవాబు: విశ్రాంత ఇంజినీరు, నీటిపారుదల శాఖ, కాజీపేట

అమ్మా, ముందు ఈ పాఠాన్ని పుస్తకంలోంచి తీసి పొలంలో పెడతాను, ఎందుకంటే మన జిల్లాల్లో రైతులు దీన్ని పేరు తెలియకుండానే ఏటా చేస్తున్నారు.

కాకతీయ కాలువకు నీళ్లు వదిలిన వారంలో ఊరంతా ఒకేసారి నాట్లకు దిగుతుంది. ఊరిలో నాటు వేసే ఆడవాళ్ల గుంపు ఒక్కటే ఉందనుకుందాం, అందులో 12 మంది ఉన్నారనుకుందాం. ముగ్గురు రైతులు ఒకే రోజు నారు పోశారు కాబట్టి ముగ్గురి నారూ ఒకే రోజు నాటుకు వస్తుంది. ఏ మడికి ఎంతమంది కావాలి, ఎన్ని రోజులు కావాలి, దూరం మడికి ట్రాక్టరులో ఎవరు పోవాలి అని తేల్చుకోవడం కేటాయింపు. అంతవరకూ ముగ్గురు రైతుల లెక్కలూ విడివిడిగా సరిగ్గానే ఉంటాయి. మూడు లెక్కలనూ ఒక్క కాగితం మీదికి తెచ్చినప్పుడు మాత్రం ఆ రోజుకు 36 మంది కావాలని తేలుతుంది, ఊరిలో ఉన్నది 12 మంది. అప్పుడు ఒకరి నాటును ముందుకో వెనక్కో జరుపుతారు. అలా జరపడమే లెవెలింగ్.

ఎంతవరకు జరపవచ్చు? దానికి నారే హద్దు చెబుతుంది. నాటుకు వచ్చిన నారు కొన్ని రోజులు ఆగగలదు, నెల దాటి ముదిరిందంటే పిలకలు తగ్గి దిగుబడి పడిపోతుంది. పంటకు నష్టం లేకుండా ఆగగలిగిన ఆ కొద్ది రోజులనే మన భాషలో ఫ్లోట్ అంటాము. ఆ రోజుల లోపల సర్దుకుంటే ఎవరికీ నష్టం ఉండదు, అదే స్మూతింగ్. ఆ రోజులు చాలకపోతే రెండే దారులు మిగులుతాయి. పక్క మండలం నుంచి ఎక్కువ గుత్తకు ఇంకో గుంపును పిలిపించాలి, లేదా ముదురు నారు నాటి దిగుబడిలో నష్టాన్ని ఒప్పుకోవాలి. అనుభవం ఉన్న రైతులు ఈ చిక్కు రాకుండా ముందే మాట్లాడుకుని, వారం తేడాతో నారు పోసుకుంటారు. నేను చూసిన ప్రణాళికల్లో అంత చక్కటి ప్రణాళికలు ఎక్కువ లేవు.

ఇప్పుడు నీ బడి దగ్గరికి వస్తాను. నువ్వు చెప్పిన పనులన్నింటినీ వీలైనంత ముందుగా మొదలుపెట్టి, ఏ రోజున ఎందరు మేస్త్రీలు కావాలో వరుసగా రాసి చూడు. 1 నుంచి 3వ రోజు వరకు అడ్డగోడలకు 3, ప్రహరీకి 2, మరుగుదొడ్లకు 2, వెరసి 7గురు కావాలి. 4వ రోజున, 5వ రోజున 5గురు చొప్పున కావాలి. 6 నుంచి 10వ రోజు వరకు ముగ్గురు, చివరి 4 రోజులు ఇద్దరు చాలు. ఒక మేస్త్రీ ఒక రోజు చేసే పనిని ఒక మేస్త్రీ దినం అనుకుంటే, మొత్తం కలిపి 54 మేస్త్రీ దినాలు. నీ 14 రోజుల లెక్క తప్పు కాదమ్మా, అయితే మొదటి మూడు రోజులు 7గురు మేస్త్రీలు నీ సైట్‌లో ఉంటారన్న షరతు మీద మాత్రమే అది నిజం. ఆ షరతును ఎవరూ నోటితో చెప్పలేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు.

ఇది నీ ఒక్కదాని పొరపాటు కాదు, పద్ధతిలోనే ఉన్న లోపం. ఒకదాని వెనుక ఒకటి వచ్చే పనుల్లో అన్నింటికంటే పొడవైన వరుసను క్రిటికల్ పాత్ అంటారు, మొత్తం గడువును తేల్చేది అదే. ఈ క్రిటికల్ పాత్ పద్ధతిని 1957లో అమెరికాలో డూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల వాళ్లు కలిసి రూపొందించారు. అది ఏ పని తర్వాత ఏ పని, ఏ పనికి ఎన్ని రోజులు అన్న రెండు ప్రశ్నలను మాత్రమే అడుగుతుంది. చేసే మనుషులు ఎందరున్నారన్న మూడో ప్రశ్న అడగదు, కావలసినంతమంది ఉన్నారనే అనుకుంటుంది. మనుషులను చూసుకునే బాధ్యత లెక్క వేసినవాడి మీదే ఉంటుంది.

5గురు మేస్త్రీలు దొరికారనుకుందాం. ప్రహరీ గోడకు 9 రోజుల ఫ్లోట్ ఉంది, ఎందుకంటే 5 రోజుల పనిని 14 రోజుల్లో ఎప్పుడైనా చేసుకోవచ్చు. దాన్ని 1వ రోజున కాక 4వ రోజున మొదలుపెట్టి 8వ రోజున ముగించు. మొదటి మూడు రోజులు అడ్డగోడలు, మరుగుదొడ్లు కలిపి 5గురు. ఆ తర్వాత 8వ రోజు వరకు అడ్డగోడలో ప్లాస్టరింగో ఒకటి, దానితోపాటు ప్రహరీ, అప్పుడూ 5గురే. 14వ రోజుకే పని ముగుస్తుంది. ఇది స్మూతింగ్: పూర్తయ్యే తేదీని ముట్టుకోకుండా ఫ్లోట్ లోపలే సర్దడం.

నీ దగ్గర 4గురే ఉన్నారు కాబట్టి లెక్క మారింది. అడ్డగోడలకూ ప్లాస్టరింగుకూ ముగ్గురు చొప్పున పోతే మిగిలేది ఒక్కడు, మరుగుదొడ్లకైనా ప్రహరీకైనా ఇద్దరు కావాలి. అందువల్ల మొదటి 10 రోజులు ఆ రెండు పనులూ కదలవు, బండల పని మొదలయ్యేదాకా ఆగాల్సిందే. ఫ్లోట్ అంతా అక్కడ ఖర్చయిపోయి తేదీ జరిగింది. మనుషుల హద్దును దాటలేక తేదీని జరపడం అసలైన లెవెలింగ్. స్మూతింగులో తేదీ స్థిరంగా ఉంటుంది, లెవెలింగులో మనుషుల సంఖ్య స్థిరంగా ఉంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా తేలికగా వస్తుంది.

కాబట్టి మీ అధికారికి నువ్వు చెప్పవలసిన జవాబు ఇది. ఆ 4 రోజులను ఎవరూ పుట్టించలేదు. 7గురు ఉన్నారనుకుని వేసిన లెక్కలో అవి మొదటి నుంచీ దాగి ఉన్నాయి, 4గురు అని నిజం రాయగానే బయటపడ్డాయి. షెడ్యూలులో బయటపడకపోతే అవి 14వ రోజు సాయంత్రం బడి వాళ్ల ముందు బయటపడేవి.


జవాబు: భవన నిర్మాణ కాంట్రాక్టరు, పరకాల

పైన పెద్దాయన చెప్పినది అక్షరాలా నిజం. మేడం, కూలీలను తెచ్చి పని చేయించేవాడిగా కొన్ని మాటలు కలుపుతాను.

మేస్త్రీల గుంపును 3 రోజులకు 7గురు, తర్వాత 2 రోజులకు 5గురు, ఆ తర్వాత ముగ్గురు అని పిలిస్తే ఏ పెద్ద మేస్త్రీ ఒప్పుకోడు. మూడు రోజుల పని కోసం ఇంకో సైట్ వదిలి వచ్చినవాడికి నాలుగో రోజున పని లేదంటే, అవసరం పడి మళ్లీ పిలిచినప్పుడు రాడు. రోజువారీ సంఖ్య హెచ్చుతగ్గులు లేకుండా ఉండాలనడం కాగితం మీద అందం కోసం కాదు, ఆ గుంపు ఇళ్లలో వరుసగా కూలి డబ్బులు అందడానికి, మన దగ్గర మనుషులు నిలవడానికి. నేను ఈ విషయాన్ని ఒక గోదాము పనిలో నష్టపోయి నేర్చుకున్నాను. వారం పనికి 10 మందిని తెచ్చి, ఇటుక రాక ఆలస్యమై 4 రోజులు కూర్చోబెట్టాను, ఐదో రోజు పొద్దున చూస్తే గుంపులో సగం మంది కరీంనగర్ పనికి వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టలేను.

వనరు అంటే మేస్త్రీ ఒక్కడే అనుకోవద్దు. మేస్త్రీ చేతికి మాలు, ఇటుక అందించే కూలీలు లేకపోతే మేస్త్రీ ఉన్నా లేనట్టే, కాబట్టి మేస్త్రీల లైను కింద కూలీల లైను కూడా రాయండి. మిక్సర్, పరంజా కర్రలు కూడా వనరులే. అన్నింటికంటే ఎక్కువగా మరిచిపోయేది సెంట్రింగ్ సామాను, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద మోసే పలకలు, కర్రలు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ (గోడల లేదా దూలాల మధ్య దూరం) ఉన్న స్లాబు కింద ఆధారాలను కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. దూలాల కింద 6 మీటర్ల లోపైతే 14 రోజులు, దాటితే 21 రోజులు. సాధారణ సిమెంటుకు ఉన్న లెక్క ఇది. ఒక్క సెట్టు సామానే ఉన్నవాడు రెండు బ్లాకుల స్లాబులను ఒకే వారంలో వేస్తానని షెడ్యూలు రాస్తే, ఆ కాగితం మీద మేస్త్రీల లెక్క ఎంత బాగా కుదిరినా పని జరగదు, ఎందుకంటే సామానంతా మొదటి స్లాబు కింద నిలబడి ఉంటుంది.

దీనికి ఇంకో వైపు ఉంది. కాంక్రీటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి, ఎండలు మండే రోజుల్లో 10 రోజులు పట్టాలి. గోడలకు కూడా నీళ్లు పట్టాక ప్లాస్టరింగ్ చేస్తేనే పగుళ్లు రావు. మేడం ఇచ్చిన లెక్కలో ఈ రోజులు కనబడలేదు, ఉదాహరణ సులువు కోసం వదిలేశారనుకుంటాను. ఎంతమందిని పెట్టినా ఆ రోజులు తగ్గవు, కానీ ఆ రోజుల్లో మేస్త్రీలు ఖాళీగా ఉంటారు. గోడ నీళ్లు తాగుతున్న ఆ రోజుల్లోనే ప్రహరీ కట్టించుకుంటే లెవెలింగ్ దానంతట అదే సగం జరిగిపోతుంది. ప్రహరీ, మరుగుదొడ్ల వంటి విడి పనులను నేను మొదట్లో మొదలుపెట్టను, ఇలాంటి ఖాళీల కోసమే దాచుకుంటాను.

క్యాలెండరు కూడా చూసుకోండి. వానాకాలం నాట్ల రోజుల్లో ఊళ్ల నుంచి వచ్చే కూలీలు సగానికి తగ్గుతారు. సద్దుల బతుకమ్మ, దసరా రోజుల్లో ఎవరూ ఉండరు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వచ్చినప్పుడు కూలీలతోపాటు ట్రాక్టర్లు, డీసీఎంలు కూడా దొరకవు. సాఫ్ట్‌వేరులో మేస్త్రీలు 4గురు అని ఒక్కసారి రాసి వదిలేస్తే అది సమ్మక్క గద్దెనెక్కే రోజున కూడా 4గురు ఉన్నారనే లెక్క వేస్తుంది.


తిరుగు ప్రశ్న: సైట్ ఇంజినీరు, హనుమకొండ

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. నీళ్లు పట్టే రోజులను నేను ఉదాహరణ కోసమే వదిలేశాను, అసలు షెడ్యూలులో చేరుస్తాను. మీ జవాబులు చదివాక కాగితం మీద చేత్తో సర్ది చూశాను, అక్కడ ఒక కొత్త అనుమానం వచ్చింది. 10వ రోజున ప్లాస్టరింగ్ అయ్యాక బండల పనిని వెంటనే మొదలుపెట్టకుండా ఆపి, 11వ రోజున మరుగుదొడ్లనూ ప్రహరీనీ కలిపి మొదలుపెట్టాను. 13వ రోజుకు మరుగుదొడ్ల గోడలు అయిపోయాయి, 14వ రోజున బండలు మొదలయ్యాయి, అంతా 17వ రోజుకే ముగిసింది. బండల పని క్రిటికల్ పాత్ మీద ఉంది, దాన్ని ఒక్క రోజు కూడా ఆపకూడదని మాకు నేర్పారు. ఆపితే ఒక రోజు కలిసి వచ్చింది. నేను ఎక్కడైనా తప్పు చేశానా? తప్పు లేకపోతే సాఫ్ట్‌వేరు ఎందుకు 18 అంది?


జవాబు: ప్లానింగ్ ఇంజినీరు, రామగుండం

మీ లెక్కను రోజు రోజుకూ సరిచూశాను, తప్పు లేదు. 11 నుంచి 13 వరకు మరుగుదొడ్లు, ప్రహరీ కలిసి 4గురు. 14, 15 తేదీల్లో బండలు, ప్రహరీ కలిసి 4గురు. 16, 17 తేదీల్లో బండలకు ఇద్దరు. టైల్స్ వాళ్లు కూడా 14న మొదలుపెట్టి 17న ముగిస్తారు.

సాఫ్ట్‌వేరు చేసేది చాలా సాదా పని. ఇద్దరు ఒకే మేస్త్రీలను అడిగినప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలో ఒక నియమం పెట్టుకుంటుంది. తక్కువ ఫ్లోట్ ఉన్న పనికి ముందు ఇవ్వడం బాగా వాడుకలో ఉన్న నియమం. 11వ రోజున బండలకు సున్నా ఫ్లోట్, మరుగుదొడ్లకు మొదట్లో 7 రోజులు, ప్రహరీకి 9 రోజులు ఉన్నాయి. అందుకని బండలను, మరుగుదొడ్లను ఎత్తుకుంది, ప్రహరీ 14వ రోజున మొదలై 18న ముగిసింది. ఆ నియమం ప్రతి అడుగులోనూ సబబుగానే కనిపిస్తుంది కానీ చివరి వరకూ ముందుచూపుతో చూడదు. అన్ని కూర్పులనూ చూసి అతి తక్కువ రోజుల కూర్పును కచ్చితంగా పట్టుకోవడం పెద్ద ప్రాజెక్టుల్లో కంప్యూటరుకు కూడా అలవి కాని పని, ఇది ఎంత కఠినమైన సమస్యో 1983లోనే గణితపరంగా నిరూపించారు. కాబట్టి లెవెలింగ్ బటన్ ఇచ్చేది ఒక జవాబు, ఆఖరి జవాబు అనుకోకూడదు. చాలా సాఫ్ట్‌వేర్లలో పనుల ప్రాధాన్యాన్ని మనం మార్చుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులో అది 0 నుంచి 1000 వరకు ఉంటుంది, మనం ముట్టుకోకపోతే అన్ని పనులకూ 500 ఉంటుంది. ఫ్లోట్ లోపల మాత్రమే జరపమని చెప్పే ఎంపిక కూడా ఉంటుంది. ఆ ఎంపికను పెట్టుకుంటే తేదీ జరగదు, సరిపడని రోజులు మాత్రం ఎర్రగా మిగిలిపోయి కనిపిస్తాయి.

క్రిటికల్ పాత్ గురించి మీకు నేర్పింది మనుషులకు హద్దు లేనప్పటి మాట. హద్దు పెట్టగానే కొత్త సంకెళ్లు ఏర్పడతాయి. మీ 17 రోజుల కూర్పులో బండల పని మరుగుదొడ్ల గోడల కోసం ఆగింది. ఆ రెండింటికీ పనిగా చూస్తే ఏ సంబంధమూ లేదు, ఇద్దరు మేస్త్రీలు అటు నుంచి ఇటు రావాలన్న సంబంధం మాత్రమే ఉంది. ఇలా పనుల వరుసనూ మనుషుల కొరతనూ కలిపి చూసిన పొడవైన గొలుసుకు గోల్డ్‌రాట్ అనే మేనేజ్‌మెంట్ రచయిత 1997లో క్రిటికల్ చెయిన్ అని పేరు పెట్టారు. మీరు రోజూ కాపలా కాయవలసింది ఇప్పుడు ఆ గొలుసుకు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 18, 17ల తేడా కాదు. 4గురిని 17 రోజులు ఉంచితే 68 మేస్త్రీ దినాలకు కూలి పడుతుంది, పని ఉన్నది 54కే. మిగిలిన 14 ఎక్కడ పోయాయి? పదింటి జాడ మొదటి 10 రోజుల్లోనే ఉంది: ముగ్గురు పని చేస్తుంటే నాలుగోవాడు రోజూ ఖాళీగా ఉన్నాడు. లెవెలింగుతో ఎంత జరిపినా ఆ ఖాళీ పోదు, ఎందుకంటే అది కేటాయింపులో పుట్టింది. అడ్డగోడలకు ముగ్గురు, ప్లాస్టరింగుకు ముగ్గురు అని ఎవరు నిర్ణయించారు? ఆ అంకెలను కదిపి చూద్దాం.

అడ్డగోడల పని 12 మేస్త్రీ దినాలు. దానికి నలుగురినీ పెడితే 3 రోజుల్లో అవుతుంది. ప్లాస్టరింగ్ 18 మేస్త్రీ దినాలు, దానికి ఇద్దరినే పెడితే 9 రోజులు పట్టి 4 నుంచి 12వ రోజు వరకు సాగుతుంది. దాని పక్కనే మిగిలిన ఇద్దరు 4 నుంచి 6 వరకు మరుగుదొడ్లు, 7 నుంచి 11 వరకు ప్రహరీ కడతారు. బండల పని 8 మేస్త్రీ దినాలు, 4 గదులు ఉన్నాయి కాబట్టి గదికి ఒక్కరి చొప్పున నలుగురినీ పెడితే 13, 14 తేదీల్లో అయిపోతుంది. టైల్స్ 7న మొదలై 10న ముగుస్తాయి. మేస్త్రీలు 4గురే, రోజులు 14. 12వ రోజున మాత్రం ఇద్దరు ఖాళీగా ఉంటారు, 56 దినాల కూలిలో వృథా అయ్యేది ఆ రెండే.

ఒక్కో కూర్పు ఎంత నునుపుగా ఉందో కొలవడానికి 1962లో బర్జెస్, కిల్‌బ్రూ అనే ఇద్దరు ఇచ్చిన ఉపాయం ఇప్పటికీ వాడుతున్నాము. రోజువారీ మనుషుల సంఖ్యను వర్గం చేసి అన్నింటినీ కూడాలి. మొత్తం పని మారదు కాబట్టి హెచ్చుతగ్గులు ఎక్కువైతే ఆ మొత్తం పెరుగుతుంది. మీ మొదటి 14 రోజుల లెక్కకు 258 వస్తుంది, పెద్దాయన 5గురితో సర్దినదానికి 234, ఈ చివరి కూర్పుకు 212. ఒక్కసారి చేత్తో లెక్కించి చూడండి, పది నిమిషాలు పట్టదు, పాఠం మాత్రం జీవితాంతం నిలుస్తుంది.


జవాబు: సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్, మడికొండ

మా రంగంలో ఇటుకలూ సిమెంటూ లేవు కానీ ఈ చర్చలో ప్రతి మాటా మాకూ వర్తిస్తుంది కాబట్టి ఒక హెచ్చరిక చేర్చాలనిపించింది. ముగ్గురికి 4 రోజులు పడితే నలుగురికి 3 రోజులు అన్న గుణకారం అన్ని పనులకూ కుదరదు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు కొత్త మనుషులను చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని బ్రూక్స్ అనే కంప్యూటర్ నిపుణుడు 1975లోనే చెప్పారు. కొత్తవారికి పని నేర్పడానికి పాతవారి సమయం పోతుంది, ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన దారులు పెరుగుతాయి. 4గురి మధ్య 6 దారులుంటే 8 మంది మధ్య 28 ఉంటాయి.

మా దగ్గర ఇంకో తప్పు ఎక్కువగా జరుగుతుంది. ఒకే మనిషిని రెండు ప్రాజెక్టులకు సగం సగం అని రాస్తాము, రెండు చోట్లా అత్యవసరం ఒకే వారంలో వస్తుంది, సగం అన్నది కాగితం మీదే ఉండిపోతుంది. ఎవరినైనా పంచవలసి వస్తే సగం సగం అని రాయకుండా సోమ, మంగళ, బుధవారాలు ఇక్కడ, గురు, శుక్రవారాలు అక్కడ అని రోజులను పంచమని నా సలహా. అప్పుడు గుద్దుకునేవి ముందే కనబడతాయి.


జవాబు: విశ్రాంత ఇంజినీరు, నీటిపారుదల శాఖ, కాజీపేట

రామగుండం మిత్రుడి లెక్క నాకు చాలా నచ్చింది. అమ్మా, ఆ కూర్పును ఒప్పుకునే ముందు పెద్ద మేస్త్రీని సైట్‌లో నిలబెట్టి రెండు ప్రశ్నలు అడుగు. అడ్డగోడల దగ్గర నలుగురు నిలబడి పని చేయడానికి చోటు, పరంజా ఉన్నాయా? బండలు పరిచే రెండు రోజుల్లో 4 గదులకూ మాలు, బండలు మోసే కూలీలు సరిపోతారా? బండలకు నలుగురు కుదరక ఇద్దరే అంటే 16 రోజులు అవుతుంది, అది కూడా 18 కంటే మేలే. అడ్డగోడలకు కూడా ముగ్గురే అంటే 17. ఈ మూడు అంకెలనూ వాటి షరతులతో సహా ఒకే కాగితం మీద రాసి మీ అధికారి ముందు పెట్టు. తేదీ కావాలా, మనుషులు కావాలా అన్న నిర్ణయం ఆయన తీసుకోవలసినది, దానికి కావలసిన లెక్క ఇవ్వడం నీ పని.


చివరి మాట: సైట్ ఇంజినీరు, హనుమకొండ

ఈరోజు పొద్దున మా పెద్ద మేస్త్రీతో మాట్లాడాను. అడ్డగోడలకు నలుగురు పట్టడానికి చోటు ఉందని, ప్లాస్టరింగుకు ఇద్దరైతే చేయి కుదిరి పని ఇంకా బాగా వస్తుందని ఆయన అన్నారు. బండల దగ్గర మాత్రం నలుగురిని పెట్టడానికి ఒప్పుకోలేదు. వాటం చూసి బండ పరచగలిగినవాళ్లు తన గుంపులో ఇద్దరే ఉన్నారని, మిగతా ఇద్దరి చేత చేయిస్తే నీళ్లు గది మధ్యలో నిలుస్తాయని చెప్పారు. మేస్త్రీలందరినీ ఒకే లైనులో 4 అని రాయడం ఎంత పొరపాటో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు బండల మేస్త్రీలు 2, మిగతా మేస్త్రీలు 2 అని విడగొట్టి రాశాను.

14, 16, 17 రోజుల మూడు కూర్పులనూ కాగితం మీద గీసి పట్టుకెళ్లాను. మా అధికారి చాలాసేపు చూసి, బండలకు బయట నుంచి ఇంకో ఇద్దరు దొరుకుతారేమో రెండు రోజుల్లో కనుక్కోమన్నారు, దొరకకపోతే 16 అని బడి వాళ్లకు తానే చెబుతానన్నారు. నీళ్లు పట్టే రోజులను చేర్చితే ఈ అంకెలన్నీ మళ్లీ మారతాయని కూడా ఈసారి నేనే ముందుగా చెప్పాను. పరకాల సార్ చెప్పినట్టు ప్రహరీని ఆ ఖాళీలోకి తెచ్చి రేపు మళ్లీ లెక్క వేస్తాను. కూలీల లైను ఇంకా రాయలేదు, ఈ రాత్రి అది పూర్తి చేయాలి.